గాలితో వెలిగిన దీపం

గాలిలో దీపం పెట్టి దేవుని మహిమపై భారం వేసే మనిషిని మన సామెత పరిహసిస్తుంది. గాలికీ దీపానికీ సహజవైరమని మన పూర్వుల అనుభవం. ఆ వైరాన్ని మైత్రిగా మార్చి, గాలితోనే దీపం వెలిగించి, ఆ వెలుగును పల్లెటూరి రైతు ఇంటిలోనికి చేర్చిన ఒక ఉపాధ్యాయుని జీవితకథ ఇది. ఆయన పేరు పౌల్ లా కూర్. ఆయన పుట్టింది ఉత్తర ఐరోపాలోని డెన్మార్క్ దేశంలో. అయినప్పటికీ ఆయన ఎదుర్కొన్న చిక్కు తనకల్లు, కదిరి, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల వారికి కొత్తది కాదు.

నూర్పిడి యంత్రాలు రాని రోజులలో ఈ సీమలో రాగులనో కొర్రలనో కళ్లంలో నూర్చిన రైతు, తూర్పారబట్టడానికి గాలి కోసం ఎదురుచూసేవాడు. గాలి పడినప్పుడే పని. అర్ధరాత్రి వీచినా లేచి చేట చేతబట్టవలసిందే. గాలి ఎవరి చెప్పుచేతలలోనూ ఉండదు. ఆషాఢమాసంలో ఇంటి రేకులు లేచిపోయేటంతగా వీస్తుంది. మరొక మాసంలో వేపాకు కూడా కదలదు. ఆ ఆషాఢపు గాలిని నమ్ముకొనే 1990లలో రామగిరి కొండలపై గాలిమరలు వెలిశాయి. కదిరికి దాపున నంబులపూలకుంటలో 2016లో 250 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రం పనిచేయడం ఆరంభించింది. నేడు పట్టణాలలోనే కాక పల్లెలలో సైతం మిద్దెలపైన సౌరఫలకాలు కనిపిస్తున్నాయి. అయితే దీపం అవసరమయ్యేది పొద్దు గూకిన తరువాత. ఎండ లేకుండా పోయేది కూడా అప్పుడే! పండిన ధాన్యాన్ని పాతరలో దాచుకోవచ్చు. వీచిన గాలిని, కాసిన ఎండను దేనిలో దాచుకోవాలి? ఇంటికి ఈ వెలుగు కావాలనుకొనే ప్రతివానికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే. లా కూర్ తన జీవితంలోని చివరి 17 సంవత్సరాలను ఈ ప్రశ్నకే ధారపోశాడు.

ఆయన 1846 ఏప్రిల్ 13న డెన్మార్క్‌లోని జట్లాండ్ ద్వీపకల్పంలో, ఎబెల్టోఫ్ట్ పట్టణ సమీపంలోని ఒక వ్యవసాయ క్షేత్రంలో జన్మించాడు. వాళ్లది సేద్యం చేసే కుటుంబం. మొదట ఆయన మతాచార్యుడు కావాలనుకున్నాడు. అయితే గణితం, ప్రకృతిశాస్త్రం ఆయనను తమవైపు లాగాయి. కోపెన్‌హాగెన్‌లో భౌతికశాస్త్రాన్ని, అప్పటికి ఇంకా పసితనంలోనే ఉన్న వాతావరణశాస్త్రాన్ని అభ్యసించి 1869లో ఉన్నత పట్టం పొందాడు. 1872లో డెన్మార్క్ వాతావరణ సంస్థ ఏర్పడినప్పుడు ఇరవై ఆరేళ్ల ఆ యువకుడు దానికి ఉపాధ్యక్షుడయ్యాడు. గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తున్నదో దినదినమూ లెక్కగట్టడం అక్కడి పని. గాలితో ఆయన పరిచయం అలా గణితం ద్వారా కలిగింది.

ఆ రోజులలో ప్రపంచమంతా తంతివార్తల మోజులో ఉన్నది. ఒకే తీగపై ఒకేసారి అనేక వార్తలు పంపగలిగితే కోట్లు గడించవచ్చునని అమెరికాలోనూ ఐరోపాలోనూ పలువురు మేధావులు పోటీపడుతున్నారు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్, ఆయన ప్రత్యర్థి ఎలిషా గ్రే ఆ పోటీలోనివారే. లా కూర్ కూడా అందులో దిగాడు. శ్రుతిదండాల కంపనాలతో వార్తలను విడివిడిగా పంపే పద్ధతిని రూపొందించాడు. 1875లో శ్రుతిదండం లయకు అనుగుణంగా, క్షణం తప్పకుండా ఒకే వేగంతో తిరిగే నాదచక్రాన్ని నిర్మించాడు. డెన్మార్క్ ప్రజలు ఆయనను తమ ఎడిసన్‌గా చెప్పుకొన్నారు. అయితే హక్కుల వివాదాలలో పెద్ద దేశాల వారిదే పైచేయి అయింది. ఆ పోటీలో ధనం గానీ జగద్విఖ్యాతి గానీ ఆయనకు దక్కలేదు. ఒకే వేగంతో తిరిగే చక్రాన్ని గూర్చి అప్పుడు సంపాదించిన జ్ఞానం మాత్రం వృథా పోలేదు. అది ఎలా అక్కరకు వచ్చిందో ముందు చూద్దాం.

1878లో ఆయన అందరినీ ఆశ్చర్యపరిచే పని చేశాడు. రాజధానిలోని పదవిని విడిచి, భార్య హుల్డాతోను పిల్లలతోను జట్లాండ్‌లోని అస్కోవ్ అనే కుగ్రామానికి వెళ్లి అక్కడి జానపద ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. ఈ పాఠశాలలను గురించి కొంత చెప్పాలి. గ్రుండ్‌విగ్ అనే మతాచార్యుడు, కవి వీటికి మూలపురుషుడు. పద్దెనిమిదేళ్లు దాటిన రైతుబిడ్డలు పొలం పనులు లేని శీతకాలంలో వచ్చి, అక్కడే నివసిస్తూ చరిత్ర, భాష, శాస్త్రం నేర్చుకొనేవారు. ప్రవేశపరీక్ష లేదు, వార్షికపరీక్ష లేదు, మార్కులు లేవు. మార్కుల చుట్టూ తిరిగే చదువులకు అలవాటుపడిన మనకు ఇది కథలా తోచవచ్చు. కానీ ఆ పాఠశాలలలో చదివినవారే తరువాతి కాలంలో పాలసహకార సంఘాలు నెలకొల్పి డెన్మార్క్ వ్యవసాయాన్ని నిలబెట్టారు.

అస్కోవ్‌కు మరొక ప్రత్యేకత ఉన్నది. 1864లో జరిగిన యుద్ధంలో డెన్మార్క్ ఓడిపోయింది. దక్షిణాన ఉన్న సారవంతమైన ప్రాంతాలు ప్రష్యా, ఆస్ట్రియాల పాలయ్యాయి. ఆ దేశంలోని మొట్టమొదటి జానపద పాఠశాల ఉన్న రోడ్డింగ్ గ్రామం కూడా సరిహద్దుకు ఆవల చిక్కుకున్నది. అప్పుడు లుడ్విగ్ ష్రోడర్ ప్రభృతులు ఆ విద్యాసంప్రదాయాన్ని ఈవల ఉన్న అస్కోవ్‌కు తెచ్చి 1865లో కొత్త పాఠశాలను ఆరంభించారు. పోయిన నేలను యుద్ధంతో తిరిగి తెచ్చుకోలేని దేశం ఉన్న నేలను, ఉన్న మనుషులను బాగుచేసుకోవాలన్న పట్టుదలతో ఉన్న కాలమది. ష్రోడర్ కోరికపై వచ్చిన లా కూర్ అక్కడ గణితం, భౌతికశాస్త్రం బోధించాడు. సూత్రాలను వల్లె వేయించడం ఆయనకు గిట్టదు. ఒక సత్యాన్ని మనిషి ఏ అవసరం కొద్దీ, ఏ క్రమంలో కనుగొన్నాడో ఆ చరిత్రనే కథగా చెప్పి శాస్త్రం నేర్పేవాడు. గణితాన్నీ భౌతికశాస్త్రాన్నీ చారిత్రక పద్ధతిలో వివరించే గ్రంథాలు కూడా రచించాడు. మంచి ఉపాధ్యాయుడుగానే ఆయన జీవితం గడిచిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కారు.

అయితే ఆయన కళ్లముందు పల్లె వలసపోతున్నది. అమెరికా, రష్యాల నుండి చౌక ధాన్యం వచ్చిపడడంతో రైతు దెబ్బతిన్నాడు. యువకులు పట్టణాల కర్మాగారాలకు తరలిపోతున్నారు. 1890ల ఆరంభంలో డెన్మార్క్ పట్టణాలకు విద్యుద్దీపాలు రాసాగాయి. పల్లెలలో మాత్రం కిరోసిన్ దీపమే. డెన్మార్క్‌లో బొగ్గు గనులు లేవు, ఎత్తు నుండి దూకే నదులు లేవు. బొగ్గు కొని తెచ్చుకొనే పట్టణానికే విద్యుత్తు దక్కితే, పరిశ్రమలన్నీ అక్కడికే పోతాయి. పల్లె మరింత చీకటిలో మిగులుతుంది. పల్లెకు ఉచితంగా దొరికే బలమేది? సముద్రం మీదుగా ఎడతెగక వీచే గాలి. వందల ఏళ్లుగా ఆ దేశపు రైతులు గాలిమరలతో పిండి విసురుకొంటున్నారు. మన భాషలో మర అన్న చిన్న మాట ఎంత విశాలమైనదో చూడండి. పిండి విసిరినా, నీరు తోడినా, విద్యుత్తు పుట్టించినా అది మరే. పిండిమరను దీపపు మరగా మార్చాలన్నదే లా కూర్ సంకల్పం.

గాలితో విద్యుత్తు పుట్టించినవారిలో ఆయన ప్రథముడు కాడు. 1887లో స్కాట్లండ్‌లో జేమ్స్ బ్లైత్ అనే ఆచార్యుడు మేరీకర్క్ గ్రామంలోని తన విడిది ఇంటిని గాలిమరతో వెలిగించాడు. మిగిలిన విద్యుత్తుతో ఊరి వీధిలో దీపాలు పెడతానంటే, అది దయ్యాల పని అని గ్రామస్థులు వద్దన్నారని చెబుతారు. 1888లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో చార్లెస్ బ్రష్ అనే సంపన్నుడు తన భవనం వెనుక 144 రెక్కలు, 17 మీటర్ల వ్యాసం గల బ్రహ్మాండమైన గాలిమరను నిలిపాడు. దాని సామర్థ్యం 12 కిలోవాట్లు. నేలమాళిగలో బ్యాటరీల వరుసలు పేర్చి దాదాపు ఇరవై ఏళ్లు తన ఇంటిని వెలిగించుకొన్నాడు. అవి రెండూ గొప్ప ప్రయత్నాలే. కానీ ఒకటి ఆచార్యుని ఇల్లు, మరొకటి కోటీశ్వరుని మేడ. పది పశువులున్న సామాన్య రైతు ఇంటికి ఆ వెలుగు చేరే దారిని వెదకినవాడు లా కూర్.

1891లో ప్రభుత్వ ధనసహాయంతో అస్కోవ్‌లో మొదటి ప్రయోగశాల గాలిమర లేచింది. వెంటనే మొదటి చిక్కు వచ్చింది. గాలి ఒక క్షణం ఉధృతంగా, మరుక్షణం మందంగా వీస్తుంది. మర కూడా అలాగే తిరుగుతుంది. డైనమోకు అది పనికిరాదు. అది సమవేగాన్ని కోరుతుంది. ఇక్కడ పాత నాదచక్రపు అనుభవం అక్కరకు వచ్చింది. మరకు డైనమోకు నడుమ, బరువులతో తూగే ఒక సర్దుబాటు యంత్రాన్ని అమర్చి, గాలి ఎంత విసరినా డైనమోకు చేరే బలం మితి మించకుండా చేశాడు. దానికి క్రాటోస్టాట్ అని పేరు పెట్టాడు. తరువాత దానిని పల్లెటూరి కమ్మరి సైతం చేయగలిగేటంత సులభమైన రూపానికి తెచ్చాడు. ఆయన ప్రతిభను కొలవడానికి నాకు ఈ సులభీకరణే పెద్ద సాక్ష్యంగా తోస్తుంది. జటిలమైన దానిని కనిపెట్టడం కన్నా దానిని అందరి చేతికి అందేలా చేయడం కష్టం.

రెండవ చిక్కు, అసలు చిక్కు, నిల్వ. ఆనాటి బ్యాటరీలు చాలా ఖరీదైనవి. అందుచేత లా కూర్ వేరొక దారి పట్టాడు. గాలిమర విద్యుత్తును నీటిలోనికి పంపితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది. ఆ హైడ్రోజన్‌ను తొట్టిలో దాచి, గాలి లేని రాత్రి దానిని మండించి దీపం వెలిగించవచ్చు. అంటే గాలిని వాయువుగా మార్చి పాతర వేయడమన్నమాట! ఇటలీకి చెందిన పాంపెయో గరూటి రూపొందించిన విశ్లేషణ పరికరాన్ని తెప్పించి, 12 ఘనపు మీటర్ల తొట్టిని కట్టించాడు. 1895 నుండి 1902 వరకు అస్కోవ్ పాఠశాల హైడ్రోజన్ దీపాలతో వెలిగింది. ఆ ఏడేళ్లలో వెలుగు లేని రోజు ఒక్కటీ లేదు.

విజయమే, కానీ నిరపాయమైనది కాదు. హైడ్రోజన్‌లో కొద్దిపాటి ఆక్సిజన్ కలిసినా అది పేలుతుంది. పాఠశాల భవనాల కిటికీ అద్దాలు ఒకసారి కాదు, పలుమార్లు పగిలిపోయాయి. మళ్లీ మళ్లీ కొత్త అద్దాలు బిగించవలసి వచ్చింది. ఆ వాయువుతో యంత్రాలను కూడా నడపాలన్న ఆయన కోరిక నెరవేరలేదు. నిపుణుని పర్యవేక్షణలో ఉన్న పాఠశాలకే ఇంత ప్రమాదమైతే, ఆ తొట్టిని రైతు పెరటిలో పెట్టమని చెప్పడం ఎలా? అంతలో బ్యాటరీలు మెరుగుపడ్డాయి. లా కూర్ ఏడేళ్లు సాకిన తన హైడ్రోజన్ మార్గాన్ని పక్కన పెట్టి బ్యాటరీల వైపు మళ్లాడు. 1902లో అస్కోవ్ గ్రామంలోని ఇళ్లకు గాలిమర, బ్యాటరీలు కలిసిన విద్యుత్కేంద్రం నుండి వెలుగు వచ్చింది. గాలి రోజుల తరబడి పడిపోతే ఆదుకోవడానికి ఒక చిన్న చమురు ఇంజను తోడు పెట్టాడు. తన సిద్ధాంతానికి అది లోపమని ఆయన సిగ్గుపడలేదు. ఇంటిలో దీపం ఆరకూడదన్నదే ఆయనకు ముఖ్యం.

బ్యాటరీతో మరొక విడ్డూరమైన ఇబ్బంది ఉన్నది. గాలి తగ్గి డైనమో నెమ్మదించినప్పుడు, బ్యాటరీలో నిండిన విద్యుత్తు వెనుకకు ప్రవహించి డైనమోనే తిప్పసాగుతుంది. తన పాలు తానే తాగే ఆవు వంటి సంగతి ఇది. రాత్రివేళ కాపలా కాసి తీగలు విప్పేదెవరు? విద్యుత్ పీడనం తగ్గగానే తనంతట తానే తెగిపోయి, పెరగగానే తిరిగి కలిసే మీటను లా కూర్ సిద్ధం చేశాడు. నేడు మన ఇంటి సౌరఫలకానికీ బ్యాటరీకీ నడుమ రాత్రివేళ విద్యుత్తు వెనుకకు పోకుండా డయోడ్ వంటి చిన్న భాగం చేసేది ఆ పనే.

ఈ మధ్యలోనే, 1896 నుండి ఆయన గొట్టంలోనికి గాలిని ఊది చిన్న చిన్న రెక్కల నమూనాలను పరీక్షించాడు. రెక్కలెన్ని ఎక్కువైతే అంత బలమన్న నమ్మకం తప్పని తేల్చాడు. తక్కువ రెక్కలుండి, వేగంగా తిరిగే మరే విద్యుత్తుకు అనువైనది. రెక్క చదునుగా ఉండరాదు, తగిన వంపు ఉండాలి. గాలి రెక్కను ముందు నుండి నెట్టడమే కాదు, వెనుక నుండి పీల్చుతుంది కూడా. ఈ సంగతిని అదే కాలంలో మరికొందరు కూడా గమనించారు. విమానం ఇంకా పుట్టకముందే ఒక పల్లెటూరి బడిలో ఈ పరిశోధన సాగడం విశేషం. 1897లో పెద్ద ప్రయోగశాల గాలిమర కూడా సిద్ధమయింది.

యంత్రం సిద్ధమయితే సరిపోదు. దానిని ఊరూరా నిలిపేదెవరు? ఇంటిలో తీగలు లాగేదెవరు? బ్యాటరీ చెడితే బాగుచేసేదెవరు? పట్టణం నుండి ఇంజనీరు రావాలంటే రైతు భరించలేడు. 1903లో లా కూర్ డెన్మార్క్ పవనవిద్యుత్ సంఘాన్ని స్థాపింపజేశాడు. పల్లెలకు సలహాలు, అంచనాలు, నమూనాలు అందించడం దాని పని. 1904 నుండి అస్కోవ్‌లో గ్రామీణ విద్యుత్ కార్మికులకు శిక్షణ ఆరంభించాడు. పవనవిద్యుత్తు కోసమే ఒక పత్రికను కూడా నడిపాడు. నాగలి పట్టిన చేతులు డైనమో విప్పి బిగించడం నేర్చుకొన్నాయి. ఈ శిక్షణలోనే నాకు లా కూర్ గొప్పతనం పూర్తిగా కనబడుతుంది. ఆయన ఏ యంత్రాన్ని చేసినా చివరికి ఉపాధ్యాయుడుగానే మిగిలాడు.

ఫ్యూనెన్ ద్వీపంలోని లికెగార్డ్ కర్మాగారం వంటివి ఆయన నమూనాలను అనుసరించి మరలు చేయసాగాయి. 1908 నాటికి ఆ దేశంలో 72 గాలిమరలు విద్యుత్తు ఉత్పత్తి చేస్తున్నాయి. వాటి సామర్థ్యం 5 నుండి 25 కిలోవాట్లు. ఒక్కొక్కటి ఒక చిన్న ఊరికో, ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రానికో సరిపోయేది. ఆనాటి ఏకముఖ విద్యుత్తును తక్కువ పీడనంతో దూరం పంపడం కుదరదు. అందువలన ఏ ఊరి మర ఆ ఊరికే. ఆ ఏడాదే, ఏప్రిల్ 24న, అరవై రెండేళ్లు నిండిన కొద్ది రోజులకే పౌల్ లా కూర్ అస్కోవ్‌లో కన్నుమూశాడు. ఆయన కుమారుడు డాన్ తరువాతి కాలంలో, తండ్రి విడిచి వచ్చిన ఆ వాతావరణ సంస్థకే అధ్యక్షుడయ్యాడు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బొగ్గు, చమురు దిగుమతులు కరవై దీపాలకు కటకట వచ్చినప్పుడు డెన్మార్క్ పల్లెలు లా కూర్ మరలను తలచుకొన్నాయి. 1918 నాటికి దాదాపు 120 గ్రామీణ విద్యుత్కేంద్రాలు గాలిమరలను వాడుతూ దేశపు విద్యుత్తులో సుమారు 3 శాతాన్ని అందించాయి. యుద్ధం ముగిసి చమురు చౌక కాగానే, పట్టణాల నుండి పెద్ద తీగలు పల్లెలకు రాగానే వాటిలో చాలావరకు మూలబడ్డాయి. అస్కోవ్‌లోని పెద్ద మర 1929లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

1904లో అస్కోవ్ శిక్షణకు వచ్చినవారిలో యోహాన్నెస్ యూల్ అనే పదిహేడేళ్ల కుర్రవాడు ఒకడు. విద్యుత్ సంస్థలో పనిచేస్తూ వయసు మళ్లిన తరువాత అతడు మళ్లీ గాలి వైపు తిరిగాడు. 1957లో గెడ్సర్ సముద్రతీరంలో 200 కిలోవాట్ల మరను నిలిపాడు. మూడు రెక్కలు గల ఆ మర పెద్దగా మరమ్మతులు లేకుండా పదేళ్లు తిరిగి, చమురు చౌకగా దొరికే రోజులలో 1967లో ఆగిపోయింది. యూల్ 1969లో మరణించాడు. నాలుగేళ్లకు, 1973లో, చమురు సంక్షోభం వచ్చిపడింది. అప్పుడు డెన్మార్క్, అమెరికా దేశాల శాస్త్రజ్ఞులు వెదుక్కొంటూ గెడ్సర్‌కు వెళ్లి, ఆగిన మరను బాగుచేయించి, తిప్పి, దాని కొలతలన్నీ తీసుకొన్నారు. ఆధునిక గాలిమరలు చాలావరకు మూడు రెక్కలవే. నేడు డెన్మార్క్ విద్యుత్తులో సగానికి పైగా గాలి నుండే వస్తున్నది. గాలి విద్యుత్తుతో నీటిని విడదీసి హైడ్రోజన్‌గా నిల్వ చేసే పనిని అనేక దేశాలు మళ్లీ చేపట్టాయి. అస్కోవ్‌లో లా కూర్ పనిచేసిన మర భవనం ఇప్పుడు ఆయన పేరిట ప్రదర్శనశాలగా ఉన్నది. 1929లో కాలిన రెక్కలు మాత్రం దానికి లేవు.